ఒకటి మందం, ఒకటి పల్చన

షట్టరు ఇంకా సగమే లేచింది. ఆ సగంలోంచే ఒకమ్మాయి నడుం వంచి లోపలికి తల పెట్టి, "హీరోయిన్ చెప్పులు ఉన్నాయా అండీ?" అని అడిగింది.

కొలతలమ్మ షట్టరు మిగతా సగం కూడా పైకి తోసింది. ఆ అమ్మాయి వెనక ఇంకో ఇద్దరున్నారు. వాళ్ళ వెనక ఒక జంట, ఆ జంట వెనక ఫోను ఎత్తి పట్టుకుని దుకాణం బోర్డుని వీడియో తీస్తున్న ఒక పెద్దమనిషి. అందరికంటే వెనక, తెగిన బూటు సంచిలో పెట్టుకుని, గోడకు ఆనుకుని డ్రిల్లు మాస్టారు. ఆయన నిన్న కూడా అక్కడే నిలబడి నిలబడి విసుగెత్తి వెళ్ళిపోయారు.

"ఉండటానికి ఇవేమైనా బిస్కెట్లామ్మా? కాలు చూసి చేస్తాం. అలా గోడదాకా నడిచి వెనక్కి రా."

"నడవడం ఎందుకండీ? నాకు అవే కావాలి. ఒకటి మందం, ఒకటి పల్చన."

"నీ కాళ్ళు రెండూ సమానంగా ఉన్నాయి కదమ్మా."

"ఉంటే?"

ఉంటే ఏమిటో చెప్పడానికి కొలతలమ్మ నోరు తెరిచింది. తెరిచిన నోరు అలాగే మూసుకుంది. చెప్పాలంటే ఒక్క వాక్యం చాలు. ఆ ఒక్క వాక్యం చెప్పకూడదు. ఈ బాధ ఆమెకు కొన్నాళ్ళుగా రోజూ ఉన్నదే. పొద్దున మొదలవుతుంది, సాయంత్రానికి అన్నం కూడా దిగనివ్వదు.

ఆమె అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. అందరికీ కొలతలమ్మే. నాన్న పోయాక ఆ దుకాణం ఆమె చేతికొచ్చింది. మామూలు చెప్పులు కొనుక్కునేవాళ్ళు ఆ మెట్లెక్కరు. పాదం వంకర ఉన్నవాళ్ళు, మడమ నిలవనివాళ్ళు, ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్ళు ఎక్కుతారు. వచ్చినవాళ్ళని ముందు నడవమంటుంది. తాను వెనక నిలబడి చూస్తుంది. ముందునుంచి చూస్తే మొహం కనిపిస్తుంది, మొహానికి లేనిపోని వేషాలు వెయ్యడం వచ్చు, నడుముకి రాదు అనేవాడు నాన్న. తరవాత కాగితం మీద నిలబెట్టి పాదం చుట్టూ పెన్సిలు గీస్తుంది. ఆ తరవాత పొట్టికాలి కింద పల్చటి అట్టముక్కలు ఒకదాని మీద ఒకటి పేరుస్తుంది. ఎక్కడో ఒక ముక్క దగ్గర ఆ మనిషి "ఆఁ, ఇప్పుడు బావుంది" అంటాడు. ఆ మాట కోసమే ఆమె ఈ పనిలో ఉంది. అట్టముక్కలన్నీ కలిపి ఎంత మందమో, పొట్టికాలి చెప్పు సోలు అంత ఎక్కువ మందం. ఇన్నేళ్ళలో ఆ మందం ఎన్నడూ ఎక్కువ తక్కువ కాలేదు. ఆ సంగతి ఆమె పైకి చెప్పుకోదుగానీ, లోపల మాత్రం తెగ మురిసిపోతుంది.

ఇక నాన్న నేర్పిన రెండో పద్ధతి. కాలు సంగతి కాలు ఉన్నవాళ్ళతో తప్ప మూడో మనిషితో మాట్లాడకూడదు. మొగుడి కాలు గురించి పెళ్ళాం వచ్చి అడిగినా నాన్న చెప్పేవాడు కాదు, "ఆయన్నే అడగమ్మా" అని పంపేసేవాడు.

హీరోయిన్ ఒక మధ్యాహ్నం వచ్చింది. తలకీ మొహానికీ గుడ్డ చుట్టుకుని, షట్టరు దించమని బతిమాలి, అప్పుడు గుడ్డ తీసింది. కొలతలమ్మ సినిమాలు పెద్దగా చూడదు. మొహం ఎక్కడో చూసినట్టుందే అనుకుంది, అంతే. నడవమంది. నాలుగడుగులకే తెలిసిపోయింది, ఎడమకాలు పొట్టి. చిన్నప్పటినుంచీ జోళ్ళలో గుడ్డ కుక్కుకుని, పళ్ళు బిగించి, డాన్సులు కూడా ఆ కాలితోనే చేస్తోందట. అట్టలు పేర్చాక ఆ పిల్ల రెండు కాళ్ళ మీదా నిలబడి, "ఓహో, నిలబడటమంటే ఇదా" అంది. అని ఏడ్చింది. కొలతలమ్మకు కూడా కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ జోడు తన చేత్తో, ఇంకెవరినీ ముట్టుకోనివ్వకుండా కుట్టింది.

అక్కడితో అయిపోతే ఎంత బావుండేది!

ఒకరోజు ఆ పిల్ల సంతోషం పట్టలేక ఫోటో పెట్టింది. బల్ల మీద కాళ్ళు చాపుకుని, అరికాళ్ళు కెమెరా వైపు పెట్టి, కింద "ఈ చెప్పులే నా ప్రాణం" అని రాసి, దుకాణం పేరు కూడా రాసింది. అబద్ధమెందుకు, మొదటిరోజు కొలతలమ్మ కూడా పొంగిపోయింది. ఆ ఫోటో తాను చూసుకుంది, ఎదుటి దర్జీకి చూపించింది, పక్కింటి ఆవిడ చూశానన్నా మళ్ళీ చూపించింది. బస్సు నడిపే వాళ్ళాయన డిపో మొత్తానికీ చూపించాడు. అప్పుడెవరో ఫోటో పెద్దది చేసి చూసి, "ఒకటి మందం, ఒకటి పల్చన ఉందేంటి మేడం?" అని అడిగారు. హీరోయిన్ తరఫున ఆ ఫోను చూసే మేనేజరు, "అదే లేటెస్ట్ స్టయిల్" అని జవాబు పెట్టేశాడు.

ఆ మూడు ముక్కలూ కొలతలమ్మ నెత్తిన పడ్డాయి.

తమ్ముడు అప్పటికి ఏదో ప్రకటనల కంపెనీలో ఉద్యోగం పోగొట్టుకుని ఇంట్లో ఉన్నాడు. ఫోటో పడ్డ పూట కాళ్ళు నేల మీద ఆనలేదు వాడికి. దుకాణంలో నాన్న కూర్చునే పీట పక్కన కుర్చీ వేసుకుని, ఫోనులో దుకాణానికి పేజీలు తెరిచి, లెక్కలు మొదలుపెట్టాడు.

"అక్కా, మనల్ని రోజుకి ఎన్ని వేలమంది తలుచుకుంటున్నారో తెలుసా?"

"అంతమంది తలుచుకుంటే నాకు పొలమారి ఈపాటికి చచ్చుండేదాన్ని."

"జోకులొద్దు. ఒక్కో మెన్షన్‌కీ విలువుంటుంది. ఇదే ఆవిడతో యాడ్ చేయించుకోవాలంటే ఈ ఇల్లూ దుకాణం అమ్మినా చాలదు. మనకి ఊరికే వచ్చింది."

"ఊరికే వచ్చింది ఊరికే పోదేంరా? బయట మాస్టారు నిలబడే ఉన్నారు, ముందు ఆయనకి కుర్చీ ఇవ్వు."

వాడు కుర్చీ ఇవ్వడు. ఇచ్చినా ఆ కుర్చీలో ఎవరో ఒకరు కూర్చుని ఫోటో దిగుతారు. నాన్న సుత్తి పట్టుకుని ఒకరు, తోలుముక్క బుగ్గకి ఆనించుకుని ఒకరు. ఒకావిడైతే కొలతలమ్మని కాస్త పక్కకి జరగమంది, వెనక గోడ బాగుందట. అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో కొలతలమ్మకు ఆరోజు తెలిసింది.

ఆమె మాత్రం పట్టు విడవలేదు. సమానమైన కాళ్ళకు ఎత్తుపల్లాల చెప్పులు కుట్టనంది. "నడుం పట్టేస్తుందమ్మా, వద్దు" అని ఒక్కొక్కళ్ళకీ చెప్పింది. "మరి ఆవిడకి పట్టెయ్యలేదే?" అనేవాళ్ళు. దానికి ఈమె దగ్గర జవాబు లేదు. అంటే ఉంది, చెప్పడానికి లేదు. కొందరు తిట్టుకుంటూ పోయేవాళ్ళు. కొందరు, పెద్దపెద్దవాళ్ళకే చేస్తుంది కాబోలు, కళ్ళు నెత్తికెక్కాయి అనేవాళ్ళు.

ఇలా కొన్నాళ్ళయ్యాక దుకాణానికి వచ్చే జనం కాస్త పలచబడ్డారు. కొలతలమ్మ హమ్మయ్య అనుకుంది. ఎందుకు పలచబడ్డారో వాళ్ళాయన చెబితేగానీ తెలియలేదు. బస్సులో ఇద్దరమ్మాయిల కాళ్ళకు చూశాడట, ఒకటి మందం, ఒకటి పల్చన. లోపల ముద్ర మన దుకాణానిదే.

ఆమె తమ్ముణ్ణి నిలదీసింది. వాడు ఏమాత్రం తడబడలేదు. ఊరవతల ఒక కార్ఖానాలో కుట్టిస్తున్నాడు, ఫోనులో అమ్ముతున్నాడు. ఎడమది మందం, కుడిది పల్చన, అందరికీ ఒకటే లెక్క.

"సిగ్గులేదూ? నాన్న ముద్ర వేసి అమ్ముతావా?"

"మనం అమ్మకపోతే ఇంకోడు అమ్ముతాడక్కా. అమ్ముతున్నాడు కూడా. పెద్దవీధిలో కొత్త దుకాణానికి అడ్వాన్సు ఇచ్చేశాను. ఎన్నాళ్ళు ఈ చీకటి కొట్లో జిగురు వాసన పీలుస్తావు?"

ఆమె అరిచింది. వాడూ అరిచాడు. చివరికి అలిసిపోయి, "నా కళ్ళబడకుండా ఏం చేసుకుంటావో చేసుకో" అంది. అనకుండా ఉండాల్సింది. ఆ మాటని వాడు అనుమతి అనుకున్నాడు. కొట్లో గోడలు నెమ్ముతో ఉబ్బి ఉన్నాయి, కొత్త దుకాణంలో కిటికీలున్నాయి. తానూ లోలోపల అనుమతి అనే అనుకుందేమో, ఎవరు చెప్పొచ్చారు.

తరవాత మొదలైంది అసలు సంబరం. ఫోను నిండా ఏడుపులే. ఒకరికి నడుం పట్టేసింది. ఒకరికి మోకాలు వాచింది. ఒకాయన, ఈ దుకాణానికి ఒక్క స్టారు ఇవ్వడం కూడా దండగ అని రాశాడు. తమ్ముడి మొహంలో కత్తివేటుకి నెత్తురు చుక్క లేదు. ఒకప్పుడు తలుచుకున్న వేలమందే ఇప్పుడూ తలుచుకుంటున్నారు, కాకపోతే తిట్లతో.

"ఒక్క ముక్క రాస్తానక్కా, మొత్తం సర్దుకుంటుంది."

"ఏం ముక్క?"

వాడు చూపు తప్పించాడు. "ఆవిడ ఎడమకాలు పొట్టి అని. నేనూ నాన్న కొడుకునే. ఫోటో చూడగానే తెలిసింది నాకు. అది రాస్తే మనం మంత్రం వేసినవాళ్ళమైపోతాం. హీరోయిన్ని నడిపించిన దుకాణం! దానికున్న విలువ ముందు ఈ చెప్పులెంత?"

"ఆ ముక్క నీ ఫోనులోకి ఎక్కిందంటే ఇక నాకు తమ్ముడు లేడనుకుంటాను."

ఆమె గొంతు పెంచలేదు. అందుకే వాడు భయపడ్డాడు.

మేనేజరు వచ్చింది సరిగ్గా ఆ గొడవల్లోనే. నల్లద్దాలు, మెరిసే బూట్లు. బూట్లు ఒక సైజు చిన్నవి, బొటనవేలు నొక్కుకుంటోందని గుమ్మంలోనే కనిపెట్టింది కొలతలమ్మ. కూర్చోమంటే పీట వైపు అనుమానంగా చూసి నిలబడే మాట్లాడాడు.

"మంచి వార్త. మేడం మీ బ్రాండ్‌కి ఫేస్‌గా ఉండటానికి ఒప్పుకున్నారు."

"చెప్పులకి మొహం దేనికండీ?"

తమ్ముడు మధ్యలో దూరి, "అక్క తరహా అంతే సార్, మీరు చెప్పండి" అన్నాడు.

మేనేజరు చెప్పాడు. మేడం యాడ్‌లో నటిస్తారు. మందం పల్చన చెప్పులు పిల్లల సైజుల నుంచి పెద్దల సైజుల దాకా, రంగురంగుల్లో వస్తాయి. నడుంనొప్పి అని ఎవరో ఏదో అంటారు, అలవాటయ్యే దాకా కాస్త నొప్పి ఉంటుందని డబ్బా మీద రాస్తే సరి. షరతు ఒక్కటే. ఇది స్టయిలే అని, మొదటినుంచీ ఈ దుకాణం ఆలోచనే అని, ఎవరడిగినా చెప్పాలి.

"మేడంకి తెలుసా ఇదంతా?" అంది కొలతలమ్మ. "ఆవిడ్ని ఒకసారి రమ్మనండి. నేను ఆవిడతోనే మాట్లాడతాను."

"మేడం బిజీ."

"ఫోనులో అయినా."

"మేడం తరఫున మాట్లాడటానికేగా నేనున్నది?"

ఈ ఊదరగొట్టుడులో గుమ్మం దగ్గర ఎవరు నిలబడ్డారో ముగ్గురూ చూడలేదు. ఒక తల్లి, చెయ్యి పట్టుకుని ఏడెనిమిదేళ్ళ కూతురు. పిల్ల కాళ్ళకు గులాబీరంగు చెప్పులు, ఒకటి మందం, ఒకటి పల్చన.

"కాళ్ళ సంగతి ఇక్కడ చూస్తారని చెప్పారండీ," అంది తల్లి. "ఈమధ్య దీని నడక అదోలా ఉంటోంది."

"చెప్పులు విప్పి గోడదాకా నడువు తల్లీ," అంది కొలతలమ్మ.

పిల్ల విప్పింది. ఉత్తకాళ్ళతో నడిచింది. కొలతలమ్మ వెనక నిలబడి చూసింది. ఎడమ పక్క నడుం పైకి లేస్తోంది, కుడి భుజం కిందికి పడుతోంది. రెండు కాళ్ళూ సమానంగా ఉన్న పిల్ల కుంటుతోంది. చెప్పులు విప్పేసినా కుంటుతోంది. కొలతలమ్మ పిల్లని కాగితం మీద నిలబెట్టి, కింద ఒక్క అట్టముక్క కూడా పెట్టకుండా, "ఎలా ఉంది?" అని అడిగింది.

"ఎడమకాలు గుంటలో ఉన్నట్టుందండీ," అంది పిల్ల.

జీవితమంతా వంకర నడకల్ని తిన్నగా చేసిన కొట్టు ఇది. తిన్నగా నడిచే పిల్లని వంకరగా నడిపించింది.

"ఎన్నాళ్ళుగా వేసుకుంటోందమ్మా ఇవి?"

"కొన్నప్పటినుంచీ అసలు విప్పితేగా! హీరోయిన్‌లాగా నడుస్తానంటుంది." తల్లి చెప్పు తిరగేసి లోపలి ముద్ర చూపించింది. "మీ దుకాణానివేగా? మంచి పేరున్న దుకాణమనే కొన్నాం. వీటివల్లే అంటారా? మరి ఆవిడకి ఏం కాలేదు కదండీ? లేకపోతే ఆవిడ కాలికే ఏమైనా..."

మేనేజరు నల్లద్దాలు తీశాడు. ఇంకో అరక్షణం ఆగితే ఆ తల్లే మిగతా వాక్యం పూర్తి చేసేసేది. ఊళ్ళో ఉన్న తల్లులందరూ చేసేస్తారు.

"నాదే తప్పు," అంది కొలతలమ్మ.

"ఏమిటండీ?"

"ఆవిడ జోడు కుట్టింది నేను. ఎడమ చెప్పుకి సోలు ఎక్కువ వేసేశాను. కొలత తప్పింది." తమ్ముడి వైపు తిరిగింది. "ఫోను తియ్యి."

"అక్కా..."

"తియ్యిరా. రోజంతా అదేగా నీ చేతిలో ఉండేది! నేను చెప్పేది అందరికీ వినపడాలి."

వాడు ఫోను ఎత్తాడు. కొలతలమ్మ నాన్న పీట మీద కూర్చుని, జుట్టు కూడా సరిచేసుకోకుండా, తిట్టినట్టే చెప్పింది. "అది స్టయిలూ కాదు, పాడూ కాదు. నా చేతి తప్పు. కొలత తప్పి ఒకటి మందం, ఒకటి పల్చన వచ్చింది. తప్పు జోడు చూసి మీరందరూ కొన్నారు, మేం సిగ్గులేకుండా అమ్మాం. వేసుకున్నవాళ్ళు విప్పేయండి. పిల్లల కాళ్ళకుంటే ఇది చూస్తుండగానే విప్పేయండి. తెచ్చిస్తే డబ్బు వెనక్కిస్తాం. అంతే."

మేనేజరు నల్లద్దాలు పెట్టుకుని, బొటనవేలు నొప్పెడుతుంటే కాస్త ఈడుస్తూ మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

"నాన్న ఉంటే ఏమనేవాడక్కా?" అన్నాడు తమ్ముడు. కళ్ళలో నీళ్ళు.

"ముందు నీ వీపు విమానం మోత మోగించేవాడు. తరవాత నాది."

పిల్లని రోజూ ఉత్తకాళ్ళతో నడిపించమంది, వారానికొకసారి తీసుకొచ్చి చూపించమంది. తల్లి తలూపిందిగానీ, ఆ చూపులో మునుపటి నమ్మకం లేదు. కొలత తప్పానని ఇప్పుడేగా తన నోటితోనే చెప్పింది!

ఆ వీడియో ఎంత దూరం పోయిందో చెప్పనక్కర్లేదు. ఫోటో కంటే ఎక్కువే పోయింది. కొనడం మాత్రం టక్కున ఆగింది. స్టయిలని నెత్తిన పెట్టుకున్నవాళ్ళు చేతి తప్పు అనగానే ముట్టుకోలేదు. వెనక్కొచ్చిన జోళ్ళు కొట్లో నడుమెత్తు పేరుకున్నాయి. పెద్దవీధి దుకాణం అడ్వాన్సు గంగలో కలిసింది. కొలతలమ్మ జుట్టుని, గొంతుని, "పాడూ కాదు" అన్న మాటని పట్టుకుని కుర్రాళ్ళు వీడియోలు చేశారు. ఆమె గొంతుకి పెదాలు కదుపుతూ, వంకరగా నడిచి పడిపోయినట్టు నటించారు. ఎదుటి దర్జీ కూడా చూసి నవ్వి, ఈమె చూస్తోందని తెలిశాక దగ్గాడు.

ఇవన్నీ ఒక ఎత్తు. హీరోయిన్ పేజీలో పడ్డ మాటలు ఒక ఎత్తు. "మనుషులన్నాక పొరపాట్లు జరుగుతాయి. ఆ పెద్దావిడ మీద నాకు ఏ కోపమూ లేదు. మనస్ఫూర్తిగా క్షమించేశాను. మీరు కూడా ఆవిడ్ని ఏమీ అనకండి." కింద దండం పెట్టే బొమ్మ. దాని కింద, మేడం మీది ఎంత గొప్ప మనసు, మేడం మీరు దేవత అంటూ పొగడ్తలు, పొగడ్తల కింద పొగడ్తలు. ఇంతకంటే విలువైన మెన్షన్ ఆవిడకి ఈ ఏడాదిలో రాలేదని తమ్ముడు పళ్ళు నూరుతూ లెక్క కట్టాడు.

"పెద్దావిడనా?" అంది కొలతలమ్మ. "నాకూ దానికీ ఎంత తేడా ఉందిరా? పెద్దావిడట! క్షమించిందట!" సుత్తి పట్టుకుని ఏ మేకూ లేని చోట చెక్క మీద నాలుగు దెబ్బలు వేసింది. రాసింది ఆ పిల్లో, మేనేజరో తెలియదు. మేనేజరే అయుంటాడు అని కాసేపు, అయితే మాత్రం చూసుకుని కూడా ఊరుకుంటుందా అని కాసేపు. రెండు రోజులు ఇంట్లో ఎవరు పలకరించినా కసిరింది. వాళ్ళాయన అన్నం తిని, గిన్నెలు తానే కడిగి, చప్పుడు కాకుండా డ్యూటీకి పోయాడు.

అయినా అది కోపం. కోపం కాసేపటికి చల్లారుతుంది. చల్లారనిది వేరే ఉంది. ఏళ్ళ తరబడి వస్తున్న ఒకావిడ కొడుకు బూట్లు తీసుకుని, డబ్బిచ్చి, మెట్టు దిగబోతూ ఆగి, మొహమాటపడుతూ అడిగింది. "ఏమనుకోకండి. మావాడి కొలత సరిగ్గానే తీశారు కదూ?"

"సరిగ్గానే తీశానమ్మా," అంది కొలతలమ్మ. లోపలికి వెళ్ళి ముంతెడు నీళ్ళు తాగింది. గోడకి ఆనుకుని ఏడ్చింది. ఏడుస్తున్నందుకు తనను తానే తిట్టుకుంది.

డ్రిల్లు మాస్టారికి మాత్రం మళ్ళీ కుర్చీ దొరికింది. ఆయన బూటు మరమ్మతు అవుతున్నంతసేపూ వీధి వైపు చూస్తూ కూర్చున్నారు. "ఆ ఫోటో నేనూ చూశానమ్మాయ్," అన్నారు ఉన్నట్టుండి. కొలతలమ్మ తలెత్తలేదు. ఆయన కాలికున్న ఎడమ బూటు మందపాటి సోలుని వేలితో మెల్లగా తట్టారు. "చూడగానే తెలిసింది. ఇలాంటివి వేసుకునే మాకెవరికైనా తెలుస్తుంది. మేమెవ్వరం ఎక్కడా అనలేదు." ఆ తరవాత, లేసులు నల్లవి వెయ్యి, గోధుమరంగువి తొందరగా మాసిపోతున్నాయి అన్నారు.

గులాబీ చెప్పుల పిల్ల నడక తిన్నగా మారుతున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం కొట్టు ముందు కారు ఆగింది. డ్రైవరు దిగి గుడ్డసంచి ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"మేడం పంపించారండీ. సోలు అరిగిపోయింది, కొత్తది వెయ్యమన్నారు. పాత కొలతేనన్నారు. ఇంకా..." కాస్త గొంతు తగ్గించాడు. "ఎవరికీ చెప్పొద్దన్నారు. ముద్ర కూడా వెయ్యొద్దన్నారు."

"ఇంకేమైనా అన్నారా?"

డ్రైవరు లేదన్నట్టు తల అడ్డంగా ఊపి, సాయంత్రం వస్తానని వెళ్ళిపోయాడు.

తమ్ముడు సంచి లాక్కుని చెప్పులు బయటికి తీశాడు. వాడి చెవులు ఎర్రబడ్డాయి. "అక్కా, వీటికి రెండిటికీ ఒకే సోలు వెయ్యి. సమానంగా. నీ కొలత తప్పిందన్నారుగా? తప్పు దిద్దామని చెబుదాం. స్టేజీ ఎక్కి అందరి ముందూ నడవనీ, అప్పుడు తెలుస్తుంది ఎవరి కొలత ఏమిటో."

కొలతలమ్మకు ఆ మాట తియ్యగానే వినపడింది. అంతా ఆమె చేతిలోనే ఉంది. ఒక్క పూట చాలు. నోటితో ఏమీ చెప్పక్కర్లేదు. ఆ పిల్ల నాలుగడుగులు వేస్తే ఊరంతా చూస్తుంది. ఇన్నాళ్ళ తిట్లకీ, నవ్వులకీ, ఆ క్షమించెయ్యడానికీ కలిపి వడ్డీతో ముట్టజెప్పినట్టవుతుంది. ఆమె చెప్పులు అందుకుని, వెలుతురుకి తెచ్చి, బోర్లా తిప్పింది.

తిప్పి అలాగే ఉండిపోయింది.

కొలత తప్పిన చెప్పు అరుగుదలలో దొరికిపోతుంది. మందం ఎక్కువైతే ఒకటి లోపలి అంచున, తక్కువైతే బయటి అంచున, ఒకటి ముందూ ఒకటి వెనకా అరుగుతాయి. చెప్పులు కుట్టేవాళ్ళెవరికి చూపించినా చెబుతారు. ఈ జోడు ఆ పిల్ల తెగ తొక్కింది. వీధుల్లో, మెట్ల మీద, షూటింగుల్లో తొక్కింది. రెండు సోళ్ళూ ఒక్కలాగే అరిగాయి. మడమ దగ్గర, బొటనవేలి కింద, అంచుల్లో, ఎక్కడ చూసినా ఒక్కలాగే. కొలత వెంట్రుకవాసి కూడా తప్పలేదు.

తమ్ముడు కూడా భుజం మీదుగా వంగి చూశాడు. వాడూ నాన్న కొడుకే కదా, వాడికీ అర్థమైంది. గబగబా జేబులోంచి ఫోను తీశాడు. "కదపకు అక్కా. అలాగే పట్టుకో. కాలు గురించి ఒక్క ముక్క కూడా రాయను, ఒట్టు. అరుగుదల ఒక్కటే పెడదాం. తెలిసినవాళ్ళకి తెలుస్తుంది. నీ పేరు నీకొస్తుంది."

కొలతలమ్మ ఆ సోళ్ళ మీద బొటనవేలితో రాసింది. ఒకసారి, ఇంకొకసారి. కొడుకు బూట్లు పట్టుకుని మెట్టు మీద ఆగిన ఆవిడకి ఇవి చూపించాలనిపించింది. గులాబీ చెప్పుల పిల్ల తల్లికి చూపించాలనిపించింది. నాన్నకి చూపించాలనిపించింది.

"ఫోను లోపల పెట్టు."

"అక్కా, నీకు బుద్ధుందా? నోరు మూసుకుని నిన్ను బలిచేసింది అది!"

"నోరు మూసుకున్నందుకు దాని నోటిని తిడతా. ఇంకా తిడతా, చాలా తిడతా. కాలేం చేసిందిరా నన్ను?"

ఆమె పీట మీద కూర్చుని, ఎడమ చెప్పుని మోకాళ్ళ మధ్య బిగించి, పటకారుతో సోలు అంచు పట్టుకుంది. తన చేతి కుట్టు కదా, అంత తేలిగ్గా రాలేదు. తిట్టుకుంటూ, పళ్ళు బిగించి లాగింది. దారం పటపటమని తెగింది. అరిగిన సోళ్ళు రెండూ ఊడదీసి చిత్తుతోలు డబ్బాలో పడేసి, పాత కొలతేనని, జిగురు కలపమని తమ్ముడికి చెప్పింది.